ముందు ఎవరికి చెప్పాలి

వాకిట్లో టెంటు కర్రలు దించుతున్న చప్పుడు వంటింట్లోకి వినిపిస్తూనే ఉంది. వద్దని చెప్పవలసిన మనుషులిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఇద్దరూ నోరు మెదపలేదు.

"అమ్మా, జర ఆమెను అడుగు. విశాఖపట్నం సారు ఎన్ని గంటలకు దిగుతడో," అన్నాడు శివశంకర్, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ.

రేవతి స్టవ్ ముందే ఉంది. చేయి చాపితే అతని భుజం తగులుతుంది.

"అత్తయ్యా, నాలుగున్నరకని చెప్పండి," అంది.

రుక్మిణమ్మ ఇద్దరి నడుమ పీట వేసుకుని ఉల్లిగడ్డలు తరుగుతోంది. శనివారం నుంచి కొడుకు మాట కోడలికీ, కోడలి మాట కొడుక్కీ ఆమే చేరవేస్తోంది.

"నాలుగున్నరకంట కొడుకా," అని తలెత్తింది. "నన్నేమన్న టెలిఫోను అనుకున్నరా మీరు? తిట్టుకుంటే తిట్టుకోరి, నేను చెవులు మూసుకుంట. గీ సప్పుడు లేని కొట్లాట నాతోని గాదు."

శివశంకర్ చెప్పులు వేసుకుని మేడ మెట్లెక్కాడు. అతను వెళ్లగానే వాకిట్లోంచి ఐలయ్య లోపలికి వచ్చాడు, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పుతూ. మామగారి మొహం చూడగానే రేవతి చూపు తిప్పుకుంది. నలభై ఏళ్లు మడి దున్నిన మనిషి. భూమి పోయాక ఆయన ఇంత హుషారుగా ఉండగా ఆమె చూడలేదు.

"యాదయ్యకు చెప్పిన కోడలా. రేపు పొద్దుగాల్నే యాటను తోలుకొస్తడు, కోసి అందరికి దావత్ ఇద్దాం. ఊరందరికి చెప్పిన. మా తమ్ముడేమన్నడో ఎరికేనా? నీ కోడలు డాక్టరయితే నా మోకాళ్లకు సూదిస్తదా అన్నడు. లెక్కల డాక్టరురా, ఇస్తే నీ తలకాయకే ఇయ్యాలె అన్న."

రేవతి నవ్వింది. నవ్వకపోతే ఆయన ఎందుకని అడుగుతాడు.

"నవ్వుతున్నది చూడు," అని భార్యతో తృప్తిగా అని, ఆయన మళ్లీ టెంటు దగ్గరికి వెళ్లిపోయాడు.

రేపు బుధవారం రేవతికి వైవా. ఇన్నేళ్లు కూర్చుని రాసిన పరిశోధన గ్రంథం మీద విశాఖపట్నం నుంచి వచ్చే ప్రొఫెసర్ నరసరాజు గారు ప్రశ్నలు అడుగుతారు. ఆయన సరేనంటే పట్టా వస్తుంది. పట్టా వస్తే బుద్వేల్ కాలేజీలో ఆమె పాఠాలు చెప్పే ఉద్యోగం నిలుస్తుంది. గ్రంథం వెనక్కి వస్తే మాత్రం ఇంకో అవకాశం లేదు. యూనివర్సిటీ పొడిగించగలిగినంతా పొడిగించింది.

ఆ గ్రంథంలో మూడో అధ్యాయం తప్పు. ఆ సంగతి శుక్రవారం మధ్యాహ్నం ఆమె కంటబడింది.

"ఇంతకు ఏం తప్పు పడ్డది బిడ్డా?" అంది రుక్మిణమ్మ, గొంతు తగ్గించి. వాకిట్లో ఉన్న భర్తకు ఇంకా ఏమీ తెలియదని ఆమెకు తెలుసు.

రేవతి స్టవ్ మంట తగ్గించి కింద కూర్చుంది. "మినప్పప్పు నానబెట్టి రుబ్బుతాం కదత్తయ్యా. రుబ్బి నానబెడితే?"

"ఎవలన్న గట్ల చేస్తరా?"

"చేయరు. అదే కూరలో ఉప్పు ముందు వేసి కారం తర్వాత వేసినా, కారం ముందు వేసినా ఒకటే. ఏ రెండు పనుల్ని అటూ ఇటూ మార్చినా ఒకటే ఫలితం వస్తుంది, ఏవి మారిస్తే రాదు, నేను చూసింది అదే. నావి వంటింటి పనులు కావు, ఫంక్షన్ల మీద చేసే పనులు. అంతే తేడా."

"గింతదానికి ఇన్నేండ్లా?"

"ఇన్నేళ్లు పట్టింది," అంది రేవతి. "రెండు పనులున్నాయనుకోండి. రెండూ ఇంకో మూడోదానితో కుదురుతాయి, అంటే అటూ ఇటూ మార్చినా ఒకటే. అలాంటప్పుడు ఆ రెండూ ఒకదానితో ఒకటి కుదిరి తీరాలని రాశాను. కుదరక్కర్లేదట."

రుక్మిణమ్మ తరగడం ఆపింది. కొడుకు ఎక్కిన మేడ మెట్ల వైపు ఒకసారి చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుని మళ్లీ ఉల్లిగడ్డ అందుకుంది. కాసేపటికి ఒక గ్లాసులో టీ పోసి కోడలి ముందు పెట్టింది. ఇంకో గ్లాసు కూడా పోసింది.

"ఇది పైకి తీస్కపో. నా మోకాళ్లు ఎక్కనిస్తలేవు."

పొద్దున ఆ మోకాళ్లతోనే ఆమె మేడ మీద బట్టలు ఆరేసి వచ్చింది. రేవతి గ్లాసు తీసుకుని లేచింది.

శివశంకర్ పిట్టగోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మహేశ్వరం వైపు ఆకాశం నల్లబడింది. ఆమె గ్లాసు గోడ మీద పెట్టింది. అతను తీసుకోలేదు.

"బట్టలు తీసెయ్యాలి. వాన వచ్చేలా ఉంది," అంది.

"నాకెందుకు ముందుగాల చెప్పలే?"

మూడు రోజుల్లో ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. శనివారం సాయంత్రం ఆమె ఫోను మోగితే అతను ఎత్తాడు. ఆమెకు మార్గదర్శకుడైన ఉదయభాస్కర్ గారు. 'మూడో అధ్యాయం గురించి అమ్మాయి మరీ బెంగపెట్టుకోలేదు కదా శంకర్?' అని అడిగారు. ఏ బెంగో అతనికి తెలియదు. తెలిసినవాడిలాగే 'లేదు సార్' అని పెట్టేశాడు.

"చెబుదామనే అనుకున్నాను. ముందు సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఇంకేదైనా దారి చూపిస్తారేమోనని."

"చూపించిండా?"

"ముందు వైవా కానివ్వు, తర్వాత సవరణ రాద్దాం అన్నారు."

"మంచిగనే చెప్పిండు. నేనైనా గదే చెప్తుంటి."

"మరి ఎవరికి ముందు చెబితే ఏం, శంకర్? తప్పు తప్పే కదా. నీకు ముందు చెప్పి ఆయనకు తర్వాత చెప్పినా జరిగేది ఇదే."

"ఇదే కాదు."

తల మీదుగా విమానం దిగుతోంది. ఇద్దరూ ఆగారు. విమానం దాటేదాకా మాట ఆపడం ఈ ఇంట్లో అందరికీ అలవాటు. కోపం చల్లారడానికి ఆ వ్యవధి చాలదు గానీ, అనబోయిన మాటను మింగడానికి చాలుతుంది. రేవతి మాత్రం ఆవేళ మింగలేకపోయింది.

"నీకు అర్థం కాదనుకున్నాను," అంది.

శివశంకర్ ఆమె వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా ఆమెకు బాగుండేది.

ఎమ్మెస్సీలో ఇద్దరిదీ ఒకటే బెంచి. పరిశోధనకు ఇద్దరికీ సీటు వచ్చింది. ఆ ఏడే విమానాశ్రయం మొదలైంది. దానికింద భూమి పోయిన ఇళ్ల పిల్లలకు కార్గోలో పని దొరుకుతోందంటే ఐలయ్య కొడుకుని తీసుకెళ్లి చేర్చాడు. ఇద్దరిలో ఒక్కరే చదవగలిగినప్పుడు, నువ్వు చదువు అన్నది శివశంకరే. ఆ మాట తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. లెక్కల పుస్తకం కూడా ముట్టలేదు.

"అర్థం కాదు," అన్నాడు మెల్లిగా. "పెట్టెలు లెక్కపెట్టెటోనికి ఏమర్థమైతది? తయారై రా, పోదాం. సారు దిగేటాళ్లకు అక్కడుండాలె."

టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. మొదటి చినుకులు అందులోనే పడ్డాయి.

*

దారంతా వాన. రోడ్డు విశాలమైన కొద్దీ కారులో చోటు తగ్గిపోతున్నట్టుంది రేవతికి. పార్కింగులో బండి ఆపాక అతను దిగలేదు. అద్దాలన్నీ ఆవిరి పట్టి బయట ఏమీ కనిపించడం లేదు.

"రేపు నోర్మూసుకొని వైవా కానిచ్చుకుందాం," అన్నాడు. "బాపు ఊరంత చెప్పుకున్నడు. నీ నౌకరి ఉంటది. తర్వాత నీ ఇష్టమున్నట్టు దిద్దుకో. చేసేటియి గా రెండు పనులే గదా. ఏది ముందైతే ఏంది?"

ఆమె అతని వైపు తిరిగింది. తన మాట తనకే వినబడ్డట్టు అతను ఆగిపోయాడు.

"చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పను?"

"మూడో అధ్యాయం. అర్థమైతదో కాదో చూస్త."

రేవతి చూపుడువేలు ఎత్తింది. ఎదుటి అద్దం మీద ఆవిరిలో ఒక గుండ్రం గీసింది. "ఈ వలయం లోపల నడిచే ఫంక్షన్లు. జెడ్ ఘాతాలతో శ్రేణిగా రాయగలిగేవి."

"అనలిటిక్. గంత మర్చిపోలే."

"వాటి మీద రెండు పనులు. ఒకటి, ఏ ఫంక్షన్ ఇచ్చినా దాన్ని జెడ్‌తో గుణించడం. రెండోది, జెడ్ ఉన్న ప్రతిచోటా మైనస్ జెడ్ పెట్టడం."

"గుణించుడు, తిప్పుడు."

"ఈ రెండూ జెడ్ స్క్వేర్‌తో గుణించడమనే పనితో కుదురుతాయి. తిప్పి స్క్వేర్‌తో గుణించినా, స్క్వేర్‌తో గుణించి తిప్పినా ఒకటే."

"మైనస్ జెడ్‌ను స్క్వేర్ చేస్తే మైనస్ పోతది గదా." అతను ముందుకు వంగాడు. "ఇగ ఈ రెండూ ఒకదానితోటి ఒకటి కుదురుతయని రాసినవ్."

"రాశాను."

శివశంకర్ తన వైపు అద్దం మీద వేలు పెట్టాడు. ఆ వేలు మీద కార్గో పెట్టెల తాళ్లు కోసిన గీతలున్నాయి. "ఏ ఫంక్షన్ తీసుకోవాలె?"

"నీ ఇష్టం."

"ఒకటి. ఉత్త ఒకటి." అద్దం మీద ఒకటి వేశాడు. "ముందుగాల గుణిస్త. జెడ్ అయితది. దాన్ని తిప్పుత. మైనస్ జెడ్. ఇప్పుడు ఉల్టా. ముందుగాల తిప్పుత. ఒకట్ల జెడ్డే లేదు, ఒకటి ఒకటే. దాన్ని గుణిస్త. జెడ్."

అద్దం మీద ఒక వైపు జెడ్, ఇంకో వైపు మైనస్ జెడ్ నిలబడ్డాయి. వాటి కింద నుంచి నీటి చార ఒకటి జారింది.

"ఒకటితోనే పడిపోయిందా?" అన్నాడు.

"ఒకటితోనే."

"ఎట్ల దొరికింది?"

"రేపటి కోసం సులువైన ఉదాహరణ ఒకటి చూపిద్దామని చేస్తుంటే."

అతను వెనక్కి వాలాడు. "ఉత్త జెడ్‌తోటి గుణించుడు తీసుకుంటే నువ్వు చెప్పింది నిజమే గదా. దానితోని కుదిరేటియన్ని ఒకదానితోటి ఒకటి కుదురుతయి."

"అది నిరూపించాను. పూర్తిగా, వివరంగా."

"ఇగ జెడ్ స్క్వేర్ కాడికి, క్యూబ్ కాడికి వచ్చినంక, 'ఇదే విధంగా' అని రాసినవ్."

రేవతి తల వంచుకుంది. లెక్కలు రాసేవాళ్లకు తప్ప ఇంకెవరికీ ఆ మాట మీద అంత నమ్మకం ఉండదు. ఒకచోట కష్టపడి నిరూపిస్తే, పక్కచోట ఆ ఒక్క మాట రాసి దాటేయవచ్చు. అందరూ దాటేస్తారు. చదివేవాళ్లూ దాటేస్తారు.

"సెకండియర్ల నేను గిట్లనే రాస్తే ఉదయభాస్కర్ సారు ఎర్ర పెన్నుతోటి పెద్దగ రాసిండు, యాదికున్నదా? 'ఏ విధంగా?' అని."

"ఉంది. క్లాసులో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే."

శివశంకర్ కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. జేబులోంచి రుమాలు తీసి ఆమెకిచ్చాడు. అప్పటిదాకా తను ఏడుస్తున్నట్టు ఆమెకు తెలియలేదు.

"నీకు అర్థం కాదనుకోవడం తప్పు," అంది.

"అది గూడ మూడో అధ్యాయంల కలుపు," అన్నాడు.

చాలా కాలానికి ఇద్దరూ ఒకే లెక్క ముందు కూర్చున్నారు. తెగిపోయినదేదో అతుక్కుందని కాదు. తెగిన కొస చేతికి తగిలిందంతే. ఆ మాత్రం దానికే రేవతికి ఊపిరి ఆడింది.

"నాలుగు, అయిదు అధ్యాయాలు?"

"రెండూ మూడో దాని మీదే నిలబడ్డాయి."

"అంటే ఏం మిగులుతది?"

"మొదటిది. రెండోది. పరిచయం."

అతను అరచేత్తో అద్దం తుడిచేశాడు. బయట వానలో తడుస్తున్న కార్లు కనిపించాయి.

"టెంటు పీకమని బాపుకు ఎవలు చెప్తరు?" అన్నాడు, ఆమెను కాదు, ఎవరినీ కాదు.

*

'ప్రొఫెసర్ నరసరాజు గారు' అని తన చేతిరాతతో రాసిన అట్ట పట్టుకుని శివశంకర్ కమ్మీల దగ్గర నిలబడ్డాడు. రేవతి పక్కన నిలబడింది. ఏం చేయాలో ఇద్దరూ అనుకోలేదు. అడగడానికి అతనికీ, చెప్పడానికి ఆమెకీ ధైర్యం చాలలేదు.

బయటికి వచ్చిన పెద్దాయన సన్నగా, కాస్త వంగి ఉన్నారు. చేతిలో ఒక గుడ్డ సంచీ, గొడుగు. అట్ట చూసి దగ్గరికి వచ్చి, బాగా పరిచయమున్నవారిలా రేవతి తల మీద చేయి పెట్టారు.

"నువ్వేనా అమ్మా రేవతివి? రాత చూసి ఇంకా పెద్దదానివనుకున్నాను. ఇంత వానలో నువ్వెందుకు వచ్చావు? రేపు కూర్చుని మాట్లాడుకునేవాళ్లం కదా."

"నమస్కారమండీ."

"భయపడకు. నేను ప్రశ్నలతో చంపే రకం కాదు." సంచీ శివశంకర్ అందుకుంటుంటే వద్దన్నారు, తర్వాత ఇచ్చేశారు. "ఆ మూడో అధ్యాయం రెండుసార్లు చదివాను. మబ్బు విడిపోయినట్టుందమ్మా. మా దగ్గర మృదుల అని ఒక అమ్మాయి ఉంది, బంగారం లాంటి పిల్ల. ఏడాదికి పైగా ఒకచోట ఆగిపోయి రోజూ కళ్లనీళ్లు పెట్టుకునేది. నువ్వు ఆ అధ్యాయం ముందే నెట్‌లో పెట్టావు కదా, చదువుకోమన్నాను. దాంతో దారి దొరికింది పిల్లకి. మళ్లీ అన్నం తింటోంది."

రేవతి శివశంకర్ వైపు చూసింది. అతను చేతిలో అట్టను మధ్యకు మడిచాడు. ఇంకోసారి మడిచాడు.

"సార్," అన్నాడు. "బండి ఎక్కేముందుగాల రేవతి మీకొకటి చెప్పాలె."

"రేపు చెబుతుందిలేవయ్యా. వాన చూడు."

"రేపు చెబితే వేరే మాట అవుతుందండీ," అంది రేవతి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మూడో అధ్యాయం తప్పు."

ఆయన వినయమనుకుని నవ్వారు. ఆమె మొహం చూశాక నవ్వు ఆగింది.

"ఏ ఉదాహరణ?"

"జెడ్ స్క్వేర్ దగ్గరండీ. జెడ్‌తో గుణించడం, జెడ్‌ను మైనస్ జెడ్ చేయడం."

"దేనికి పెట్టి చూశావు?"

"ఒకటికండీ."

ప్రొఫెసరు గారు గొడుగు నేల మీద ఆనించి నిలబడ్డారు. పెదవులు మాత్రం కదిలాయి. పక్క నుంచి తోపుడు బండ్లు వెళ్తున్నాయి, ఎవరో ఎవరినో కావలించుకుంటున్నారు. ఎక్కువసేపు పట్టలేదు.

"అవునమ్మా," అన్నారు. అంతలోనే ఆయన ముసలివాడైపోయినట్టు కనిపించారు. "రెండుసార్లు చదివాను. నేనూ దాటేశాను."

రేవతికి చేతులు జోడించాలనిపించింది. తిట్టలేదు ఆయన. తిట్టేవాళ్లైతే ఇంత కష్టంగా ఉండదు.

"మృదుల పేపరు నిన్ననే పంపేశాం," అన్నారు. "కింద నా పేరు కూడా ఉంది."

శివశంకర్ జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. తెర మీద 'బాపు' అని ఉంది. పెద్దసారు యాట కూర తింటడో, పప్పు వండించాల్నో అడగడానికే అయి ఉంటుంది. అతను ఎత్తలేదు. అది మోగుతూనే ఉంది.

"ఉదయభాస్కర్ నాకు పాతికేళ్లుగా తెలుసు," అన్నారు నరసరాజు గారు. ఇప్పుడు ఆ గొంతులో మెత్తదనం లేదు. "పొద్దున ఫోనులో కూడా మాట్లాడాడు. గ్రంథం అద్భుతంగా ఉంది, త్వరగా కానిచ్చేద్దాం అన్నాడు. ఒక్క సంగతి చెప్పమ్మా. ఇది నాకంటే ముందు ఎవరికి చెప్పావు?"

ఉదయభాస్కర్ గారి పేరు రేవతి నాలుక చివరిదాకా వచ్చింది. తనకు అక్షరం అక్షరం నేర్పిన మనిషి. బెంగపెట్టుకోకని ఫోను చేసిన మనిషి. పేరు చెబితే పాతికేళ్ల స్నేహం ఇక్కడే, ఈ కమ్మీల పక్కనే తెగుతుంది. ఆయన తెలిసి దాచారని రేపటికల్లా యూనివర్సిటీ అంతా తెలుస్తుంది.

"నాకే సార్," అన్నాడు శివశంకర్. "ముందుగాల నాకే చెప్పింది. ఇంకెవలికి తెల్వది."

మడిచిన అట్టను అతను ఇంకా చిన్నగా మడిచాడు. ఆమె వైపు అతను చూడలేదు. మేడ మీద అతను అడిగింది అదే, ముందు తనకు చెప్పడం. ఆమె ఇవ్వలేకపోయినదాన్ని ఇప్పుడు తనే ఆమె చేతిలో పెడుతున్నాడు, అబద్ధంగా.

ఫోను ఆగింది. వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది.

నరసరాజు గారు అతన్ని తేరిపార చూశారు. తర్వాత రేవతి వైపు తిరిగారు.

"అవునా అమ్మా?" అన్నారు.